సైరన్ మాది, నిద్ర మీది!

2025 మే 8 రాత్రి, పాకిస్తాన్‌తో కాల్పులు నడుస్తున్న వేళ, కరాచీ ఓడరేవు బూడిదైపోయింది. ఇస్లామాబాద్ మన చేతికొచ్చేసింది. ఎక్కడ? టీవీలో! తెల్లారి చూస్తే కరాచీ కరాచీలోనే ఉంది. ఇస్లామాబాద్ ఇస్లామాబాద్‌లోనే ఉంది. యాంకర్ కోటు ఒక్కటే మారింది.

ఆ రాత్రి నేను హైదరాబాద్‌లో మా పక్కింటి హాల్లో ఉన్నాను. పెద్దాయన సోఫా అంచున కూర్చున్నారు. ఒళ్లో మిరపకాయ బజ్జీల ప్లేటు. టీవీలో సైరన్ మొదలైంది. ఆయన వాల్యూమ్ రెండు గీతలు పెంచారు. ఐదేళ్ల మనవడు డైనింగ్ టేబుల్ కిందికి దూరి రెండు చెవులూ మూసుకున్నాడు. ముందురోజే ఊళ్లో మాక్ డ్రిల్ సైరన్ విన్నాడు మరి. ‘ఒరేయ్, అది మన మీద కాదురా, బయటికి రా’ అని తాత నవ్వారు. వాడు రాలేదు. ఏది గ్రాఫిక్కో, ఏది బాంబో వాడికెవరు చెప్పాలి? చెప్పాల్సినవాళ్లే కదా రెండూ కలిపి వడ్డిస్తున్నది!

గొడవ ఎంత ముదిరిందంటే, మే 10న కేంద్ర హోంశాఖ పౌర రక్షణ విభాగమే ఛానళ్లకు చెప్పాల్సి వచ్చింది. బాబూ, మీ కార్యక్రమాల్లో ఆ సైరన్ మోత ఆపండి, ఇలాగే మోగిస్తే రేపు నిజం సైరన్ మోగినా జనం పట్టించుకోరు అని. గమనించారా? జనం భయపడటం మానేస్తారేమోనని సర్కారు వారి బెంగ! భయపడటం మానలేనివాళ్ల గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

మానలేనివాళ్లు ఎవరంటారా? జమ్మూ వైపు సరిహద్దు పక్కనున్న పూంఛ్ వెళ్లండి. మే 7న ఆ పట్టణం మీద షెల్స్ కురిశాయి. ఇళ్ల మీద పడ్డాయి, గురుద్వారా మీద పడ్డాయి, బడి వెనక పడ్డాయి. పిల్లలతో సహా డజనుకు పైగా మామూలు మనుషులు పోయారు. పట్టణంలో తలదాచుకోవడానికి బంకర్లేవని ఊరంతా మొత్తుకుంది. చచ్చినవాళ్లనైనా వదిలారా? షెల్ తగిలి చనిపోయిన ఓ మదరసా టీచర్‌ని కొన్ని ఛానళ్లు ఉగ్రవాదిని చేసేశాయి. కాదు మహాప్రభో అని పోలీసులే ప్రకటన ఇచ్చుకున్నారు. ఇంటి యజమాని శవం ముందు కూర్చుని, టీవీలో ఆయన్ని ఉగ్రవాది అంటుంటే విన్న కుటుంబానికి ఏ డాక్టరు ఏ మాత్ర రాసిస్తాడు?

తర్వాత పరిహారం వచ్చింది. కాదనలేం. బాగా దెబ్బతిన్న ఇంటికి 2 లక్షలు, కొంచెం దెబ్బతింటే లక్ష. మంచిదే. గోడకు పడ్డ బీట కనిపిస్తుంది. టేపు పెట్టి కొలవొచ్చు, ఫొటో తీసి ఫైల్లో పెట్టొచ్చు. మరి నిద్ర పూర్తిగా కూలిపోతే ఎంతండీ? పాక్షికంగా కూలితే? షట్టరు దబ్బున పడితే పక్కమీంచి లేచి పరిగెత్తే పిల్లకి, మళ్లీ పక్క తడపడం మొదలెట్టిన ఎనిమిదేళ్లవాడికి ఏ తహశీల్దారు పంచనామా రాస్తాడు?

ఇదేదో కొత్తగా బయటపడ్డ రోగమా? పీర్ పంజాల్ కొండలకు అవతల కశ్మీర్ లోయలో ఎంఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ వాళ్లు 2015లోనే సర్వే చేశారు. పెద్దవాళ్లలో 45 శాతం మందికి మానసిక వ్యథ లక్షణాలున్నాయని తేల్చారు. అంటే దాదాపు 18 లక్షల మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, యుద్ధం నడిచే చోట ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య. ఇవన్నీ ఢిల్లీ బీరువాల్లో ఉన్నవే. బీరువాలకు మాత్రం హాయిగా నిద్ర పడుతుంది.

అబ్బే, ఏమీ చెయ్యలేదంటే ఎలా? టెలీ మానస్ ఉందిగా! 14416కు ఫోన్ చేస్తే ఓదార్పు మాట వినిపిస్తుంది. ఆలోచన మంచిదే, పనిచేసేవాళ్లూ మంచివాళ్లే. 2025–26 బడ్జెట్‌లో దానికిచ్చింది సుమారు 80 కోట్లు. అంతకుముందు ఏడాది 90. దేశానికి దిగులు తగ్గిందని ఎవరు చెప్పారో! అదే బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు. సరిహద్దును కాపాడొద్దని ఎవరంటారు? సరిహద్దు పక్కన బతికేవాడు సరిహద్దులో భాగం కాడా అన్నదే మా గోల.

సరిహద్దు అవతల బాగుందా? ఏం బాగు! అక్కడా స్టూడియోలున్నాయి, అక్కడా కోట్లున్నాయి, అక్కడా టేబుళ్ల కింద పిల్లలున్నారు. ఇక ఇవతల, శ్రీనగర్ ఎన్ఐటీ నుంచీ మన పంజాబ్‌లోని యూనివర్సిటీల నుంచీ తెలుగు పిల్లలు పెట్టెలు పట్టుకుని ఢిల్లీలో ఏపీ భవన్, తెలంగాణ భవన్ చేరారు. భోజనం పెట్టారు, టికెట్లు చూశారు. మైకులూ వచ్చాయి. ‘ఎలా ఫీలవుతున్నారు?’ జవాబు పూర్తికాకముందే బ్రేక్!

మే 10 సాయంత్రం 5 గంటలకు కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. కొద్దిరోజులకే ఐపీఎల్ మళ్లీ మొదలైంది. పక్కింట్లో మళ్లీ బజ్జీలు. సిక్సర్ పడింది, స్టేడియం హోరెత్తింది. పెద్దాయన వాల్యూమ్ రెండు గీతలు పెంచారు. మనవడు టీవీ వైపు చూడలేదు. టేబుల్ ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు.