ఎవరూ వినని రేడియోలో వాళ్లెందుకు మాట్లాడతారు?

పొదుపు పండితుల దగ్గర ఒక మహామంత్రం ఉంది. "ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటున్నారండీ?" చివర ప్రశ్నార్థకం చూసి మోసపోకండి. జవాబు ఫైలులో ముందే టైపై ఉంటుంది. ఎవరూ వినడం లేదు కాబట్టి నిధులు తగ్గించాలి, ఖాళీలు నింపకూడదు, ఆ తర్వాత ఏమైనా మిగిలితే అది తన కాళ్ల మీద తాను నిలబడాలి. ముందు కాళ్లు తీసేసి తర్వాత నిలబడమనడం పండితులకే వచ్చిన విద్య.

ఆ మంత్రాన్ని నమ్ముదామంటే ఒక చిక్కు అడ్డొస్తోంది. ఎవరూ వినని ఆ రేడియోలోనే దేశ ప్రధాని 2014 అక్టోబర్ 3న 'మన్ కీ బాత్' మొదలుపెట్టారు. ఎన్నికల వేళ తప్ప నెలనెలా చెబుతూనే ఉన్నారు. టీవీలున్నాయి, ఫోన్లున్నాయి, సోషల్ మీడియా ఉంది. అయినా మారుమూల పల్లె దాకా మాట పోవాలంటే ఆకాశవాణే కావలసి వచ్చింది. ఆ కార్యక్రమం మీద 30.80 కోట్ల రూపాయల ఆదాయం వచ్చిందని 2021 జూలైలో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అంటే పైవాళ్లు మాట్లాడేటప్పుడు దేశమంతా చెవులు రిక్కిస్తుంది. కిందివాళ్లు మాకూ ఒక మైకు పెట్టండనగానే శ్రోతలంతా మాయమైపోతారు. ఇంత క్రమశిక్షణ గల శ్రోతలు ఏ దేశానికైనా ఉన్నారా?

పోనీ, వినడం లేదని లెక్కపెట్టింది ఎవరు? ప్రకటనల వ్యాపారం ఏళ్ల తరబడి నమ్ముకున్న రేడియో లెక్క ఒకటుంది. టామ్ అనే సంస్థ తీసిన ఆ లెక్క ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు నగరాలది. అందులో హైదరాబాదుకే చోటు దొరకలేదు. ఇక గద్వాల ధరూర్‌మెట్టలోనో, వనపర్తి పెబ్బేరు సంతలోనో, నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్‌లోనో ఎవరేం వింటున్నారో ఆ లెక్కకు ఎట్లా తెలుస్తుంది? ఎన్నడూ అడగని వాళ్ల తరఫున జవాబు చెప్పడాన్ని మన దగ్గర సర్వే అంటారు కాబోలు.

పండితులొకసారి నడిగడ్డకు రావాలి. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల సీడ్ పత్తికి పేరు. హైబ్రిడ్ విత్తనం ఊరికే రాదు. సాయంత్రం మొగ్గ మొగ్గనూ వలిచి, అందులోని మగ భాగాన్ని గిల్లేయాలి. గుర్తు పెట్టాలి. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఆ కొసన రుద్దాలి. ఒక్కో సాలులో వందల మొగ్గలు, ఎకరాల కొద్దీ సాళ్లు. ఈ పని చేసే ఆడవాళ్ల వేళ్లకు పుప్పొడి అంటుకుని ఉంటుంది, కళ్లు మొగ్గ మీద ఉంటాయి. ఆ వేళ్లతో ఫోను తెర మీద ఏం గీకుతారు, ఆ కళ్లతో ఏ వీడియో చూస్తారు? ఖాళీగా ఉన్నవి చెవులొక్కటే.

అక్కడి నుంచి గద్వాల ఊళ్లోకి పదండి. గుంట మగ్గం మీద కూర్చున్న నేతన్నకు రెండు కాళ్లూ గుంటలో, రెండు చేతులూ నాడె మీద. నూలు చీరకు పట్టు అంచు కలిపేచోట చూపు ఒక్క పోగు పక్కకు పోయినా చీర పాడవుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన గద్వాల చీరకు ఆ అంచే ప్రాణం. ఆ మనిషి పక్కన రేడియో పెడితే పని ఆగదు, లోకమూ ఆగదు. తెర ఉన్నవేవీ ఆ పని చేయలేవు. రీలు చూడాలంటే చేతులు, కళ్లు, డేటా, తీరిక నాలుగూ కావాలి. రేడియోకు ఒక చెవి చాలు. పొదుపు పండితుడి చుట్టూ ఉన్న వాళ్లందరికీ చేతులు ఖాళీయే కాబట్టి, చేతులు ఖాళీ లేని వాళ్లు దేశంలో లేరనుకోవడం సహజం.

రేడియో చావలేదు, చావడానికి ఏర్పాట్లు జరిగాయి. అవి ఒక వరుసలోనే జరిగాయి. 2018 మార్చిలో జీతాల డబ్బు అందలేదని ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి అప్పటి చైర్మన్ ఎ. సూర్యప్రకాశ్ బయటికి చెప్పారు. మంత్రిత్వ శాఖ వేరే మాట చెప్పింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఖర్చు తగ్గించుకునే పేరుతో ఆకాశవాణి నేషనల్ చానల్‌ను మూసేయాలని ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు ఐదు నగరాల ప్రాంతీయ శిక్షణ అకాడమీలు కూడా. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. కొత్తవాళ్లకు మైకు ముందు మాట్లాడడం నేర్పే బడే పోయిందన్నమాట. ఇక మిగిలింది క్యాజువల్ అనౌన్సర్లు. వాళ్లకు నెలకు ఆరు డ్యూటీలే. ఎంత మంచి గొంతున్నా ఆ ఆరింటి మీద ఇల్లు గడవదు. పాతవాళ్లు రిటైరవుతారు, ఖాళీలు ఖాళీగానే ఉంటాయి, ఆ గంటలు మరో ఊరి నుంచి వచ్చే కార్యక్రమంతో నిండుతాయి. అప్పుడు పండితుడు వచ్చి, "చూశారా, వినడానికి ఏముంది?" అంటాడు. ఎడ్లకు మేత మానేసి, దున్నడం లేదని సంతకు తోలడమంటే ఇదే.

పైసలు లేవా అంటే, ఉన్నాయి. 2023 జనవరిలో ఆకాశవాణి, దూరదర్శన్‌ల యంత్రాల కోసం 2,539.61 కోట్ల రూపాయల 'బైండ్' పథకాన్ని కేంద్రం ఒప్పుకుంది. ఆ ఏప్రిల్ 28న ప్రధాని ఒకే దెబ్బకు 91 ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు. ఒక్కొక్కటి 100 వాట్లు. మా దిక్కు పెళ్లి బారాతులో డీజే డబ్బా మీద రాసి ఉండే వాట్లు అంతకంటే ఎక్కువ. అయినా ఆ ట్రాన్స్‌మిటర్లను తప్పుపట్టను, పల్లెకు సిగ్నల్ రావడం మంచిదే. అడిగేదల్లా ఆ సిగ్నల్ మీద ఎవరి మాట వస్తోందని. యంత్రానికి డబ్బుంది, మనిషికి లేదు. స్తంభం ఊళ్లో ఉంటుంది, మాట మాత్రం ఎక్కడో ఉన్న స్టూడియో నుంచి వస్తుంది. దేశ జనాభాలో 99.19 శాతానికి ఆకాశవాణి చేరుతుందని అధికారిక లెక్క. ఆ 99.19 శాతం నుంచి తిరిగి ఆకాశవాణికి చేరే మాట ఎంత శాతమో ఏ లెక్కలోనూ కనబడదు.

మన సంగతి చూడండి. 2016 అక్టోబర్ 11న పాలమూరు నుంచి విడదీసి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు చేశారు. మూడు కలెక్టరేట్లు వచ్చాయి, ముగ్గురు ఎస్పీలు వచ్చారు. సొంత స్టూడియో ఉన్న ఆకాశవాణి కేంద్రం మాత్రం మూడింట్లో ఒక్కచోటా లేదు. అలంపూర్ దిక్కున ట్రాన్సిస్టర్ తిప్పితే తుంగభద్ర అవతలి కర్నూలు పలుకుతుంది. 2021 మే నెలలో కరోనా రోగులున్న అంబులెన్సులను రాష్ట్ర సరిహద్దులో పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపారు గానీ కర్నూలు రేడియో తరంగాన్ని పాసు అడిగినవాళ్లు లేరు. పక్క రాష్ట్రం రేడియో మనకు ఉచితంగా వినిపిస్తుంటే సొంతది ఎందుకని పండితుడు అడగొచ్చు. కర్నూలు వాళ్లు కర్నూలు మార్కెట్ ధర చెబుతారు, అది వాళ్ల ధర్మం. వనపర్తి యార్డులో పల్లికాయ ఈ పొద్దు ఎంత పలికిందో వాళ్లెందుకు చెబుతారు?

మన దగ్గరే స్టూడియో ఉంటే పొద్దున అర్ధగంటలో ఏమేం చెప్పొచ్చో ఊహించండి. జూరాల ప్రాజెక్టుకు ఎగువ నుంచి వరద వస్తోంది, ఇన్ని గేట్లు ఎత్తుతున్నారు, బీచుపల్లి దాకా నది ఒడ్డున గొర్లు మేపేవాళ్లు పైకి రండి. సోమశిల దగ్గర గాలి ఎక్కువగా ఉంది, ఈ రోజు పడవలు తిప్పరు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు ఫలానా కాలువకు ఫలానా రోజు వదులుతారు. యార్డులో ఆరబోసిన పల్లికాయ మీద టార్పాలిన్ కప్పుకోండి, సాయంత్రం వాన. ఫోనులో వాతావరణం చూస్తే నల్లమల మొత్తానికి ఒకే మేఘం బొమ్మ వస్తుంది. అదీ సిగ్నల్ ఉంటేనే. అడవి లోపలి చెంచు పెంటల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. 2009 అక్టోబర్‌లో కృష్ణ, తుంగభద్ర పొంగి కర్నూలు, అలంపూర్ మునిగాయి. అలాంటి రోజున కరెంటు పోతుంది, టవర్లు పడుకుంటాయి. రెండు బ్యాటరీల మీద మాట్లాడే వస్తువు ఒక్కటే మిగులుతుంది.

అంతా విన్నాక పండితుడి ఆఖరి అస్త్రం: "మంచిదే, కానీ సంపాదించాలి కదా!" సరే, అందరికీ ఇదే సూత్రం పెడదాం. వనపర్తి రాజప్రాసాదంలో నడుస్తున్న పాలిటెక్నిక్ ఈ ఏడాది ఎంత లాభం తెచ్చింది? గద్వాల ఫైరింజన్ పోయిన ఎండాకాలంలో ఎన్ని మంటలు అమ్మింది? నాగర్‌కర్నూల్ పోలీస్ స్టేషన్‌కు ఎందరు రిపీట్ కస్టమర్లు? ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి 1997లో అమలైంది. చదువు, వ్యవసాయం, పల్లెల బాగు, ఆరోగ్యం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలనీ, ప్రాంతాల సంస్కృతులకూ భాషలకూ తగిన చోటివ్వాలనీ అందులో 12వ సెక్షన్ చెబుతుంది. ఆ బాధ్యతల వరుసలో లాభం తెమ్మన్న మాట లేదు. చట్టం చేసినవాళ్లకు లెక్కలు రాకనా?

ప్రైవేటు ఎఫ్ఎం ఉంది కదా అంటారు ఇంకొందరు. లక్ష జనాభా లేని మన మూడు పట్టణాల్లో ప్రకటనల లాభం చూసుకుని వచ్చే వ్యాపారి ఎవరు? వచ్చినా, ప్రైవేటు ఎఫ్ఎంకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు, అంతే. అంటే వార్త చెప్పగలిగే రేడియోకు డబ్బివ్వరు, డబ్బున్న రేడియోను వార్త చెప్పనివ్వరు. మధ్యలో మనం సినిమా పాటలు వింటూ జూరాల గేట్ల సంగతి ఊహించుకోవాలి.

ఈ రోగం మన ఒక్కరిదే కాదు. 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి లాక్కుంది. ఆ డబ్బు పంచే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ ఆగస్టు 1న మూతకు సిద్ధమవుతున్నట్టు చెప్పింది. పెద్ద నగరాల స్టేషన్లకు చందాలిచ్చేవాళ్లుంటారు. గట్టి దెబ్బ అలాస్కాలో, ఆదివాసీ ప్రాంతాల్లో నడిచే చిన్న స్టేషన్లకు తగిలింది. అక్కడా నల్లమల గతే. గ్రీసులో 2013 జూన్ 11 రాత్రి ప్రభుత్వం ఈఆర్‌టీ అనే జాతీయ ప్రసార సంస్థను ఒక్క దెబ్బకు ఆపేసింది. సరిగ్గా రెండేళ్లకు మళ్లీ తెరవాల్సి వచ్చింది.

ఆకాశవాణి నిప్పులాంటిదేమీ కాదు. ప్రారంభోత్సవాల వార్తలు, నాయకుల సుభాషితాలు, ఎవరినీ నొప్పించని చర్చలు విని విసుగెత్తిన చెవుల్లో నావీ ఉన్నాయి. కానీ సర్కారు బాకాగా మారిందని కోప్పడేవాళ్లు సర్కారు చేతినుంచి దాన్ని విడిపించమని అడగాలి గానీ గొంతు నొక్కమని కాదు. తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మాటను నిజం చేసి చూపింది జహీరాబాద్ దగ్గరి దళిత మహిళా రైతులు. 1990ల చివరే స్టూడియో కట్టుకుని, లైసెన్స్ రాక క్యాసెట్ల మీద ఊరూరా వినిపించి, చివరికి 2008 అక్టోబర్ 15న సంగం రేడియో ప్రారంభించారు. చిరుధాన్యాలు, విత్తనాలు, పాటలు, తమ పలుకుబడి, అన్నీ వాళ్లవే. జహీరాబాద్ ఆడవాళ్లు చేసిన పని మూడు జిల్లాల యంత్రాంగం చేయలేదా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎక్కువ భాగం ఓటేసేది ఒక్క నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానంలోనే. అంటే మూడు జిల్లాల్లో ఎక్కువమంది ఉత్తరం రాయాల్సిన చిరునామా ఒకటే. మూడింటికీ కలిపి ఒక స్టూడియో, అందులో మన యాస మాట్లాడే పర్మనెంటు మనుషులు, పార్లమెంటు నుంచి నేరుగా నిధులు. అడగాల్సింది ఇంతే. ఓటు అడగడానికి వచ్చినప్పుడు ప్రతి పార్టీ అభ్యర్థినీ నిలబెట్టి ఇదే అడగండి. రేడియో ఎవరు వింటున్నారని ఆయన ఎదురడిగితే, మైకు కట్టుకుని ఊరూరా తిరుగుతున్న మీ ప్రచార ఆటోను ఎవరు వింటున్నారని అడగండి.