‘కొద్ది దూరమే’ – టీకా తాత్పర్య సహితం

మూలం:

గీ బండ్ల బాట వట్టుకోని సక్కగ వో బిడ్డా. యాప చెట్టు కాడ మర్లు. చెర్వు కట్టెక్కితె గుట్ట కనవడ్తది. కొద్ది దూరమే.

అవతారిక:

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో, బమ్మెర దాటినాక, గొర్ల మంద వెనక భుజాన కర్ర వేసుకుని నడుస్తున్న ఒక తాత నోట వెలువడిన గద్యమిది. రచనాకాలం జనవరి నెల, ఉదయం ఎనిమిదిన్నర. అడిగినవాడు ఈ వ్యాఖ్యాతే. అడిగింది వల్మిడి గుట్టకు దారి. “రోడ్డు కాదు తాతా, బాట” అని రెండుసార్లు నొక్కి మరీ అడిగాను. మూలంలో నిజానికి అయిదు వాక్యాలున్నాయి. అయిదోది ప్రక్షిప్తమని తలచి ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

మెదక్ సీమలోని కొల్చారం వాడంటారు మల్లినాథసూరిని. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నేను ఆ ఒట్టు పెట్టుకోలేను. మూలంలో లేని ముళ్లు నా టైర్లలో ఉన్నాయి.

శాస్త్రం మొదలుపెట్టేముందు నాలుగు సంగతులు తేల్చాలంటారు. అధికారి: హైదరాబాదులో వారమంతా కుర్చీకి అతుక్కుని, ఆదివారం కోసం లావు టైర్ల గుట్టల సైకిలు కొన్నవాడు. విషయం: మట్టి. సంబంధం: సికింద్రాబాదు నుంచి కాజీపేట పోయే రైలు దారిలో జనగామ, రోడ్డున అయితే 163వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 85 కిలోమీటర్లు, తెల్లవారుజామున కారు వెనక సైకిలు కట్టుకుంటే ఎండెక్కకముందే చేరతాం. ప్రయోజనం: తర్వాత చెప్పబడును.

ప్రతిపదార్థం:

గీ = ఈ. కర్ర చివర చూపించినదని భావం. రాతప్రతిలో కర్ర ఉండదు కనుక పాఠకుడికి ఈ పదం నిరుపయోగం.

బండ్ల బాట = ఎడ్లబండ్లు నడిచే దారి. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ దారిన పొద్దుటి నుంచి నాకు ఒక్క బండీ ఎదురుపడలేదు. ఎదురైనవి రెండు ట్రాక్టర్లు, పాలక్యాన్లు కట్టిన ఒక మోటారు సైకిలు. బండ్లు పోయినా పేరు పోలేదు. ట్రాక్టరు చక్రాలు రెండు గాళ్లు తీశాయి, నడుమ గడ్డి గట్టు మిగిలింది. అమెరికాలో గుట్టల సైకిలు వాళ్లు ఒక్క చక్రం పట్టేంత సన్నని బాటకోసం పారలు పట్టుకుని అడవుల్లో శ్రమదానం చేస్తారు. మనకు ట్రాక్టరు ఒక్క పోతలో అలాంటివి రెండు పక్కపక్కనే పరిచి ఇస్తుంది. ఎడమ గాడిలో పోతూ కుడి గాడి బాగుందనుకోవడం, అందులోకి దూకబోయి గడ్డి గట్టు మీద జారడం అధికారి లక్షణాలు.

నగరంలో సైకిలుకు బాట లేదని కాదు. 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర, పైన సోలార్ పలకల కప్పుతో, నున్నటి దారి వేశారు. ఎండ తగలదు, వాన తడపదు. ఎవరినీ దారి అడగాల్సిన పని అంతకన్నా లేదు. అందుకే దానికి వ్యాఖ్య రాయడం కుదరదు.

వట్టుకోని = పట్టుకుని. “బాట పట్టుకుని” అనాల్సిన చోట పకారాన్ని వకారం చేశాడు తాత. ఇది గసడదవాదేశం. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో సూత్రం కట్టి, పదో తరగతి పిల్లల చేత వల్లె వేయించిన సంధి గొర్ల వెనక నడుస్తూ అలవోకగా పడింది. “సక్కగ వో” దగ్గర మళ్లీ పడింది. అక్కడ ముందున్నది ప్రథమ కాదే అని పండితులు కర్ర ఎత్తితే, తాత చేతిలోనూ కర్ర ఉంది.

సక్కగ = తిన్నగా. ఇది ముఖ్యార్థంలో అసంభవం. ఆ బాట తాటిచెట్టును చుట్టి, ఎవరిదో పత్తిచేను మూల తిరిగి, ఒర్రెలో దిగి, పరుపుబండ ఎక్కి పోయింది. కనుక ఇక్కడ ‘సక్కగ’ గీతకు సంబంధించినది కాదు, బుద్ధికి సంబంధించినది. చీలిన ప్రతిచోటా నలిగిన బాటనే నమ్ము, కొత్తది కనిపించిందని ఆశపడకు అని. ఆశపడ్డాను. ఆ చీలిక ఒక మోటారు బావి గట్టు మీద ఆగిపోయింది. అక్కడో కుక్క ఉంది.

బిడ్డా = ఓ నాయనా. హెల్మెట్, చేతి తొడుగులు, నల్లద్దాలు చూసి తాత మొదట “సారూ” అన్నాడు. ఒర్రె దగ్గర సైకిలు దిగి తోసుకుంటూ రావడం దూరం నుంచి చూశాక “బిడ్డా” అన్నాడు. పదోన్నతా, పతనమా అన్నది సహృదయులకే వదిలేస్తున్నాను.

యాప చెట్టు కాడ = వేపచెట్టు దగ్గర. లక్షణం చెబితే అది చెప్పదలచుకున్న దానికే వర్తించాలి, ఇంకోదానికి వర్తిస్తే అతివ్యాప్తి దోషం అంటారు తార్కికులు. దారిలో యాప చెట్లు మూడు వచ్చాయి. మొదటిది బక్కది. రెండోదాని కింద పసుపు పూసిన పోచమ్మ రాళ్లు. మూడోదాని కింద ఒకాయన తువ్వాల పరుచుకుని కునుకు తీస్తున్నాడు. ఏది ‘యాప చెట్టు’? తాత నడకను బట్టి అన్వయించాను: మంద ఆగేంత నీడ ఏ చెట్టుకుందో అదే చెట్టు. తక్కినవి ఆయన లెక్కలో చెట్లే కావు. మూడోదే సరి అయింది.

మర్లు = తిరుగు. ఎడమకా, కుడికా? మూలం మౌనం. చెప్పేటప్పుడు తాత గడ్డం కొంచెం ఎడమకు వాల్చినట్టు గుర్తు. నటన తెలిసినవారు దీన్ని ఆంగికం అంటారు.

చెర్వు కట్టెక్కితె = చెరువు కట్ట ఎక్కినట్లయితే. ఆలంకారికులు లక్షణావృత్తికి చెప్పే ఉదాహరణ గంగలో గొల్లపల్లె: నీళ్లలో ఊరుండదు కనుక గట్టున ఉందని సర్దుకోవాలి. ఇక్కడ చెప్పిందే గొల్ల తాత, చెప్పిందీ కట్ట గురించే. సర్దుకోవలసిన పని లేదు, ఎక్కవలసిన పనే ఉంది. కాకతీయుల నాటి నుంచీ ఈ సీమ చెరువుల సీమ. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు, కట్టలకు మొరం పోసి గట్టి చేశారు. సైకిలు కోసం ఎవరూ చేయలేదు గానీ, వానాకాలం దాటాక మొరం కట్టను మించిన బాట నేను ఎక్కడా తొక్కలేదు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరి, మధ్యలో మైసమ్మ గుడి, చివర మత్తడి.

ఎక్కడం మాత్రం నిట్టనిలువు. నా సైకిలు వెనక చక్రానికి పన్నెండు గేర్లు, పెద్ద పళ్లచక్రానికి 51 పళ్లు. ఆ 51 పళ్లూ బిగబట్టి కట్ట సగం ఎక్కేసరికి, ఒంటి గేరు పాత సైకిలు వెనక గడ్డిమోపు కట్టుకున్న ఒకావిడ ఎదురుగా దిగుతూ వచ్చి, “జరగు తమ్మీ” అంది. జరిగాను. బ్రేకు పట్టినట్టే లేదు.

గుట్ట కనవడ్తది = కొండ కంటికి కనిపిస్తుంది. చూడండి, ‘వస్తుంది’ అనలేదు. కనబడటం వేరు, రావడం వేరు. మూలకర్త మాట ఎంత కొలిచి వాడాడో ఇక్కడ తెలుస్తుంది. ఆ తేడా ఎన్ని కిలోమీటర్లో ముందు వస్తుంది.

పూర్వపక్షం:

“గుట్టను పట్టుకుని పర్వతమంటావేం? హిమాలయాల్లో తొక్కితే కదా మౌంటెన్ బైకింగు” అని ఒక ఆక్షేపం.

సిద్ధాంతం: ఈ ఆట పుట్టిల్లు కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ. అక్కడి పేరున్న టామల్‌పాయిస్ శిఖరమే 800 మీటర్ల లోపు. 1976 అక్టోబరులో ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక మట్టిదారిన కిందికి పందెం పెట్టుకున్నారు కుర్రాళ్లు. సైకిళ్లు పాత ష్విన్ తుక్కు. పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడే రకం. ఒక్క దిగుడుకే చక్రపు కుండలో గ్రీజు కాగి పొగై పోయేది, మళ్లీ గ్రీజు కూరాల్సివచ్చేది. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. ఇరవయ్యేళ్లలో, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది ఆటగా నిలబడింది. పాత సైకిలూ మట్టిదారీ ఉంటే చాలనుకుంటే, కట్ట మీద నన్ను జరగమన్న ఆవిడ ఏ పందెంలో ఉండాల్సిన మనిషో ఆలోచించండి.

అనుక్తం, అంటే మూలం చెప్పనిది:

పల్లేరు కాయలు. గొర్లకు గిట్టలున్నాయి, తాతకు తోలు చెప్పులున్నాయి. ఆయన చెప్పకపోవడంలో తప్పు లేదు. జనవరికి అవి ఎండి, ఏ వైపు పడ్డా ఒక ముల్లు పైకి చూస్తూ కూర్చుంటాయి. చెలక అంచున మొదటి పంచరు, సర్కారు తుమ్మ కొమ్మ మీద రెండోది, మళ్లీ పల్లేరుతో మూడోది. నా దగ్గర అతుకులు రెండే. వానాకాలం అయితే ముళ్లు మెత్తబడతాయి గానీ, రేగడి నేల తగిలిందా, చక్రానికి బంక పట్టి సైకిలును మనమే మోయాలి. ఎర్ర చెలకకు ఆ బాధ లేదు. ఎవరైనా అడిగితే వాన తగ్గిన పదిరోజులకు, చెలక దారుల్లో, ముందు టైరులో గాలి కొంచెం తగ్గించుకుని పొమ్మంటాను.

కొద్ది దూరమే:

ఇదే గ్రంథానికి గుండెకాయ. నా సైకిలు మీటరు ప్రకారం తాత నిలబడ్డ చోటు నుంచి గుట్ట అడుగుకు 7.4 కిలోమీటర్లు. ‘కొద్ది’ అంటే ఎంత? పూర్వం ఆమడ ఉండేది, కోసు ఉండేది, కూతవేటు ఉండేది. ‘కొద్ది’ వీటిలో దేనికీ లొంగదు. అది చెప్పేవాడి కాళ్ల కొలత. పొద్దుమాపూ మంద వెనక నడిచేవాడికి ఏడు కిలోమీటర్లు కొద్దే. ఆ చివరి ‘ఏ’ అవధారణార్థకం. ఇక మారు అడగకు అని.

దీనికి పాఠాంతరాలున్నాయి. మానుకోట జిల్లాలో, గూడూరు అడవి వైపు భీమునిపాదం జలపాతానికి పోతూ అడిగితే, “గీడనే అన్నా” అని పాఠం. ఇది మరీ ప్రమాదకరం, ‘గీడనే’లో దూరమన్నదే లేదు. తండాలో అడిగితే మాత్రం ముందు నీళ్లిచ్చి తర్వాత దారి చెప్పారు; చెప్పిన దూరం నమ్మకపోయినా ఆ నీళ్లను నమ్మవచ్చు. బయ్యారం చెరువు కట్ట మీదా ‘గీడనే’ పాఠమే విన్నాను. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువది, శాసనం కూడా ఉంది.

భూపాలపల్లి పాఠం పూర్తిగా భిన్నం. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు – ఎర్రటి ఇసుకరాతి పడగలు, వాటి కింద ఆదిమానవుల రంగుబొమ్మలు, తాళ్లు కట్టుకుని రాళ్లెక్కేవాళ్లు – అడవిబాటన పోదామని అడిగితే వచ్చిన సమాధానం: “అటు వోకు సార్, ఎలుగొడ్డు ఉంటది.” ఇందులో దూరమూ లేదు, దిక్కూ లేదు. వ్యాఖ్య అక్కర్లేకుండా అర్థమైన పాఠం ఇదొక్కటే. రోడ్డు మీదే పోయాను.

తాత్పర్యం:

మూడో పంచరు తర్వాత సైకిలు తోసుకుంటూ వల్మిడి గుట్ట కిందికి చేరాను. అక్కడ నున్నటి డాంబర్ రోడ్డుంది. దాని మీద పాలకుర్తి నుంచి ఆటో ఒకటి వచ్చి మనుషుల్ని దించి పోయింది. పదిహేను నిమిషాల ప్రయాణమట.

ఇక పక్కన పెట్టిన అయిదో వాక్యం. కర్రతో దారి చూపించాక, మందను అదిలిస్తూ వెనక్కి చూడకుండానే అన్నాడు తాత: “అయినా, రోడ్డుండంగ గీ బాటెందుకు బిడ్డా నీకు?” ఆ రోడ్డు కోసం ఆ ఊళ్లు ఎన్నేళ్లు అడిగి ఉంటాయో ఆయనకు తెలుసు. ప్రయోజనం తర్వాత చెబుతానని నేనన్నదీ ఇక్కడే చెప్పాలి. నాలుగు విధాల అన్వయించి చూశాను, రెండు ఆదివారాలు. ఏదీ పొసగలేదు. ప్రక్షిప్తమనడానికి ఇంతకుమించి ఆధారం నా దగ్గర లేదు.