తేనె పూసిన కొండ

మనస్సాక్షి ఎప్పుడు మేలుకుంటుంది? మామూలు మనిషికైతే చెప్పలేం. అర్ధరాత్రి మేలుకోవచ్చు. అసలు మేలుకోకుండానే కాలం వెళ్లబుచ్చవచ్చు. బడా కంపెనీకైతే తేదీతో సహా చెప్పొచ్చు. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ఊపిరి ఆగింది. అమెరికా వీధులు భగ్గుమన్నాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, జూన్ 25న, డిస్నీ వారి మనస్సాక్షి ఆవులించి, ఒళ్లు విరుచుకుని లేచి కూర్చుంది. కూర్చుని ఏం చేసింది? ఒక జారుడు కొండకు వేషం మారుస్తానని ప్రకటించింది.

ఆ కొండ పేరు స్ప్లాష్ మౌంటెన్. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1989లో, ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో 1992లో మొదలైంది. దుంగ ఆకారం పడవలో మనల్ని కూర్చోబెడతారు. చీకటి గుహల్లో బొమ్మల ఆటపాటలు చూపిస్తారు. చివర్లో 50 అడుగుల ఎత్తు నుంచి దబేల్మని నీళ్లలోకి వదులుతారు. తడుస్తాం, అరుస్తాం, ఫొటో కొనుక్కుంటాం. ఇందులో తప్పేముంది? నీళ్లలో లేదు. దుంగలో లేదు. బొమ్మల వెనక ఉంది.

ఆ బొమ్మల పుట్టిల్లు 1946లో డిస్నీ తీసిన 'సాంగ్ ఆఫ్ ది సౌత్' సినిమా. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది తోటల్లో నల్లవాళ్లు దొరల నీడన ఎంత కులాసాగా పాడుకుంటూ బతికారో చూపించిన చిత్రరాజం. కొరడా లేదు. ఆకలి లేదు. అంతా హాయి. అంతా పాట. నల్లవారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఆనాడే ఇదేం చోద్యమని నిలదీసింది. కథలు చెప్పే అంకుల్ రీమస్‌గా నటించి సినిమాను భుజాన మోసిన జేమ్స్ బాస్కెట్‌కు 1948లో ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు మాత్రం ఆయన వెళ్లలేకపోయాడు. ఎందుకు? ఆ ఊళ్లో నల్లవారికి వేరు, తెల్లవారికి వేరు. తెరమీద ఆయన నవ్వు కావాలి. హాల్లో ఆయన పక్కన కూర్చోవడం మాత్రం కుదరదు!

ఇదంతా కంపెనీకి తెలియదా? ఎందుకు తెలియదు, భేషుగ్గా తెలుసు. అమెరికాలో ఆ సినిమాను వీడియో క్యాసెట్‌గా గానీ, డీవీడీగా గానీ ఏనాడూ అమ్మలేదు. థియేటర్లలో చివరిసారి ఆడింది 1986లో. ఈ కాలానికి తగని సినిమా కాబట్టి తమ ఓటీటీలోనూ పెట్టబోమని 2020 మార్చిలో డిస్నీ పెద్ద బాబ్ ఐగర్ వాటాదారులకు తేల్చి చెప్పారు. భేష్. మరి సినిమాను బీరువాలో దాచిన చేతులే, అదే సినిమా బొమ్మలతో మూడేళ్లకే కొండ ఎందుకు కట్టాయి? సినిమా సిగ్గుచేటు, టికెట్టు ముద్దా?

ఇంకా చోద్యం వినండి. ఆ సినిమాకు మూలమైన, జోయెల్ చాండ్లర్ హ్యారిస్ 1880లో అచ్చువేసిన కథల్లో నక్క తారుతో బొమ్మ చేసి కుందేలుకు ఉచ్చు పన్నుతుంది. ఆ తారు బొమ్మ పేరు కాలక్రమేణా నల్లవారిని ఎగతాళి చేసే తిట్టుగా మారింది. రైడ్ కట్టేటప్పుడు డిస్నీ ఇంజినీర్లు ఏం చేశారో తెలుసా? తారు తీసేసి తేనె పెట్టారు. కుందేలు తేనెపట్టులో చిక్కుకుంటుంది. కథ చెప్పే ముసలి రీమస్‌ను చడీచప్పుడు లేకుండా గెంటేశారు. అంటే 1989లోనే అన్నీ తెలుసు. తెలిసీ తారును తేనెతో కప్పెట్టారు. ముప్పై ఏళ్లు పిల్లలతో నాకించారు.

పోనీ, కొత్త ప్రకటన తర్వాతైనా దుంగలు ఆగాయా? ఆ ప్రకటన వచ్చిన రోజుకు కోవిడ్ పుణ్యమా అని ఆ రెండు పార్కులూ మూతపడే ఉన్నాయి. ఆపాలనుకుంటే అంతకు మించిన ముహూర్తం ఉంటుందా? జులైలో ఫ్లోరిడా గేట్లు తెరిచారు. కుందేలు మళ్లీ పాట అందుకుంది. అక్కడ పాత రైడ్ ఆగింది 2023 జనవరి 22 రాత్రి. కాలిఫోర్నియాలో ఇంకో నాలుగు నెలలు పోయాక, మే 30న. తగదని తామే తేల్చిన సరుకును రెండున్నరేళ్లకు పైగా అమ్ముకున్నారన్నమాట. 2019 నుంచే మార్పు పనిలో ఉన్నామని కంపెనీ చెప్పుకుంది. సరే, నమ్ముదాం. ఆ ముక్క బయటపెట్టడానికి నడివీధిలో శవం లేవాలా?

టోక్యో డిస్నీలాండ్‌లో స్ప్లాష్ మౌంటెన్ ఇంకా దర్జాగా నడుస్తూనే ఉంది. అక్కడ పార్కు జపాన్ కంపెనీది, డిస్నీది లైసెన్సు. రాయల్టీ మాత్రం పసిఫిక్ దాటి వస్తుంది. పాపం, మనస్సాక్షికే వీసా దొరకలేదు.

కంపెనీ సంగతి సరే. అభిమానుల సంగతేమిటి? వాళ్లేమైనా తక్కువ తిన్నారా? చరిత్రను చెరిపేస్తున్నారని గుండెలు బాదుకున్నారు. సంతకాల ఉద్యమాలు నడిపారు. ఏ చరిత్ర బాబూ? ఆ సినిమా చూసిన మొహాలు మీలో ఎన్ని? అట్లాంటా హాల్లో బాస్కెట్‌కు చోటు లేకపోవడం చరిత్ర. దాని కోసం మీరు ఎప్పుడైనా ఒక్క సంతకం పెట్టారా? చివరి రోజున గంటల తరబడి క్యూ కట్టారు. ఆ తర్వాత కొందరు రైడ్ నీళ్లు సీసాల్లో పట్టి ఈబేలో అమ్మకానికి పెట్టారు. పుష్కరాల్లో గోదావరి నీళ్లు పట్టి తెచ్చుకున్నట్టు! గోదారమ్మకైనా పన్నెండేళ్లకోసారే పుష్కరం. ఈ క్లోరిన్ తీర్థానికి రోజూ పుష్కరమే.

'అసలు' రైడ్‌నే ఉంచాలని పట్టుబట్టినవారికి ఇంకో మాట. కాలిఫోర్నియా కొండలో ఆడిపాడిన బొమ్మల్లో చాలా మటుకు సెకండ్‌హ్యాండు. 1974లో మొదలై 1988లో మూతపడిన 'అమెరికా సింగ్స్' అనే ప్రదర్శన నుంచి పట్టుకొచ్చినవి. మీరు అసలు అనుకుని కన్నీళ్లు పెట్టుకున్నదే మారువేషం!

ఇక కొత్త వేషానికి వద్దాం. పేరు టియానాస్ బయూ అడ్వెంచర్. ఫ్లోరిడాలో 2024 జూన్ 28న, కాలిఫోర్నియాలో నవంబర్ 15న తెరిచారు. టియానా ఎవరు? 2009 నాటి 'ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్' నాయిక. డిస్నీ వారి తొలి నల్ల రాకుమారి. తొలిసారి అవకాశం ఇచ్చారు కదా అని మురిసిపోయేలోపే ఆ సినిమాలో ఆమెను కప్పను చేసి కూర్చోబెట్టారు. అందుకే ఈ రైడ్ మీద ఆశలు కొండంత. ఈసారైనా మనిషిగా, తనకంటూ ఒక కథతో కనిపిస్తుందని. సినిమాలో వణుకు పుట్టించిన మంత్రగాడు డాక్టర్ ఫసిలియే నీడ ఆ చివరి మలుపులో పొంచి ఉంటుందని. అలా కోరుకోవడం అత్యాశా?

దక్కిందేమిటి? టియానా మార్డి గ్రా పండక్కి విందు ఇస్తోంది. వాయించేవాళ్లు చాల్లేదు. వెతకాలి. అంతే కథ! బీవరు, తాబేలు, ఎలుగుబంటి లాంటి జంతువులు తలా ఒక వాయిద్యం పట్టుకుని దొరుకుతాయి. మామా ఓడీ అనే మంత్రాల అవ్వ మనల్ని కప్పంత చేసి, మళ్లీ మామూలు మనుషుల్ని చేయడానికి కిందికి వదులుతుంది. కింద విందు. అందరూ క్షేమం.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లకు అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే ఓర్లాండో యాత్ర తప్పదు కదా. ఇలాంటి దుంగలోంచి తడిసి దిగిన ఒక పెద్దాయనను ఊహించుకోండి. యాభై ఏళ్లుగా తెలుగు సినిమా చూసిన ప్రాణం.

"ఏరా అబ్బాయ్, ఇంతకీ విలన్ ఎవడు?"

"విలన్ లేడు నాన్నా."

"మరి అంత పైనుంచి తోసిందెవరు?"

"మామా ఓడీ. మంచావిడే."

"మంచావిడ ఎందుకు తోసిందిరా? సరే, ఆ కొండ ఎవరిది?"

"అది ఉప్పు కొండ నాన్నా. టియానా పెట్టిన సహకార సంఘానిది. పనిచేసేవాళ్లందరూ యజమానులే."

"సహకార సంఘమా? గొడవల్లేకుండానా?"

చెరకు ఫ్యాక్టరీ సొసైటీ ఎన్నికలు చూసిన మనిషి నమ్ముతాడా?

నవ్వొచ్చే ప్రశ్నే గానీ, కీలకం అక్కడే ఉంది. పాత రైడ్‌లో వేయి తప్పులు ఉండనీండి, కుందేలుకు మాత్రం శత్రువు ఉన్నాడు. బలమైన నక్క, మొరటు ఎలుగుబంటి. కొండ ఎక్కేటప్పుడు నీ పని అయిపోయిందని బెదిరించే రాబందులు. బలహీనుడు బలవంతుణ్ని తెలివితో బోల్తా కొట్టించే కథ అది. పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన మన కుందేలుకు దగ్గరి చుట్టం. ఆ కథలు ఎవరివి? ఆఫ్రికా నుంచి గొలుసులతో ఈడ్చుకొచ్చిన మనుషులు తోటల్లో పిల్లలకు గుసగుసగా చెప్పుకున్నవి. హ్యారిస్ వాటిని విని పుస్తకం వేశాడు. డిస్నీ చక్కెర పాకం పట్టింది. చివరికి పాపం చేసిన సినిమాతో పాటు, ఏ పాపం ఎరగని కుందేలును కూడా గిరాటేశారు. దొర తప్పు చేస్తే పాలేరును పనిలోంచి తీసేసినట్టుంది కదూ?

దాని స్థానంలో వచ్చిందేమిటి? 1920ల లూసియానా. నల్లవారికి వేరే గ్లాసు, వేరే బండి, వేరే బల్ల అని చట్టాలు రాసుకున్న లూసియానా. టియానా పాత్రకు స్ఫూర్తి న్యూ ఆర్లీన్స్‌లో డూకీ చేజ్ హోటల్ నడిపిన లియా చేజ్ అని డిస్నీ వాళ్లే గర్వంగా చెప్పుకుంటారు. నల్లవారూ తెల్లవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినడం నేరమైన రోజుల్లో, ఆమె ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి గంబో అనే పులుసు వడ్డించింది. హక్కుల ఉద్యమ నాయకులు మేడ మీద గదిలో వ్యూహాలు పన్నుకున్నారు. ఎంతటి కథ! ఎంతటి ఎదురీత! కొండలోకి చేరేసరికి ఏం మిగిలింది? గంబో పోపు వాసన.

1946లో దక్షిణాది హాయిగా ఉందన్నారు. 2024లోనూ దక్షిణాది హాయిగానే ఉందంటున్నారు. అప్పుడు తోట, ఇప్పుడు చిత్తడి నేల. అప్పుడూ కొరడా లేదు, ఇప్పుడూ లేదు. తారు మీద తేనె అయిపోయింది, ఇప్పుడు తేనె మీద తేనె. మరి మారిందేమిటి?

ఆ సహకార సంఘం సంగతి తేల్చకుండా కదలకూడదు. బొమ్మల లోకంలో పనిచేసేవాళ్లే యజమానులు. నిజలోకంలో? కాలిఫోర్నియాలో ఈ రైడ్ తెరవడానికి నాలుగు నెలల ముందు, 2024 జులైలో, అదే డిస్నీలాండ్‌లో సుమారు 14,000 మంది ఉద్యోగుల తరఫున సంఘాలు సమ్మె ఓటింగ్ పెట్టాయి. 99 శాతం సమ్మెకు సరే అన్నారు. ఎవరు వాళ్లు? మన పిల్లల్ని దుంగలో కూర్చోబెట్టి కడ్డీ బిగించేవాళ్లు. కక్కు కడిగేవాళ్లు. ఓటు పడిన కొద్ది రోజులకే ఒప్పందం కుదిరింది. గంటకు 24 డాలర్ల మూలవేతనం. అదే ఆర్థిక సంవత్సరానికి బాబ్ ఐగర్ గారి మొత్తం జీతభత్యాలు 4 కోట్ల 11 లక్షల డాలర్లు. ఆ సహకార సంఘంలో ఈయన సభ్యత్వం ఏ తరగతో ఎవరైనా కనుక్కోండి.

అభిమానులు దేని మీద కొట్టుకుంటున్నారు? కుందేలా, కప్పా అని! కొత్త రైడ్ మొదలైన వేసవిలో మాటిమాటికీ మొరాయించి ఆగిపోయింది. మధ్యలో చిక్కుకున్న జనాన్ని నడిపించి బయటికి తేవలసి వచ్చింది. 1999 నుంచి ఉచితంగా ఇచ్చిన ఫాస్ట్‌పాస్‌ను 2021లో పీకేసి, క్యూ దాటడానికి డబ్బు కట్టమన్నారు. 2024 అక్టోబర్‌లో డిస్నీలాండ్ టికెట్టు రద్దీ రోజుల్లో 206 డాలర్లకు ఎగబాకింది. అదే నెలలో 400 డాలర్ల ప్రీమియర్ పాస్ దిగింది. మనిషికి, రోజుకు, టికెట్టు కాకుండా. వేరే క్యూ, వేరే దారి! నల్లవారికి వేరే దారి పెట్టడం సిగ్గుచేటని కొండకు వేషం మార్చినవాళ్లే, లేనివాళ్లకు వేరే దారి పెట్టి రశీదు చేతికిస్తున్నారు. దీని మీద సంతకాల ఉద్యమం ఏది? ఏ సీసాలో నీళ్లు పట్టి నిరసన తెలిపారు?

టియానా రావడం తప్పు కాదు. ఎన్నడో రావలసింది. ఒక నల్లపిల్ల ఆ కొండ ముందు నిలబడి అది తనది అనుకుంటే, అది ఎవరి దయా కాదు, బాకీ. బాకీ తీర్చేటప్పుడు చిల్లర పారేసి దండం పెట్టించుకోవడమే దగా. ఆమెకు ఒక పోరాటం ఇవ్వండి. ఓడించడానికి ఒక శత్రువును ఇవ్వండి. లియా చేజ్ వంటగదిలోని పొగ కాస్తయినా ఆ గుహలోకి రానివ్వండి. పిల్లలు భయపడతారా? 50 అడుగుల నుంచి తోస్తే భయపడని పిల్లలు నిజానికి భయపడతారా?

వాళ్లు ఇవ్వరు. ఎందుకివ్వాలి? నిజం చూపించమని అడిగే గిరాకీ ఏదీ? ఒకడు పాత తేనె కావాలని ఏడుస్తాడు. ఇంకొకడు కొత్త తేనె బాగుందని చప్పట్లు కొడతాడు. ఇద్దరి జేబులోంచీ డాలర్లు రాలుతూనే ఉంటాయి. నాకేవాళ్లు ఉన్నంతకాలం పూసేవాళ్లకేం కొదవ?