‘అలా చూశానండి’ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “ఏదో టీవీలో వస్తుంటే అలా చూశానండి గానీ, ఇలాంటి సినిమాలు మనం చూడమండి.”

అవతారిక: తలాతోకా లేని ఫైటింగు సినిమా ఒకటి ఆమూలాగ్రం చూసి, లోలోపల పండగ చేసుకున్న పెద్దమనిషి, ఆ సంగతి నలుగురిలో బయటపడగానే పలికే వాక్యమిది. తెలుగునాట అంతటా వాడుకలో ఉన్నా, వ్యాఖ్యకు పెద్దాపురం పాఠాన్నే స్వీకరించడమైనది. వత్సవాయి ప్రభువులు పండితులను పోషించిన ఊరది. భర్తృహరి సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి ఆ చుట్టుపక్కలవాడే. కాబట్టి అక్కడి చదువరులకు నీతి చెప్పవలసివస్తే పద్యముంది, శృంగారానికి పద్యముంది, వైరాగ్యానికీ ఉంది. ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003)లో హీరో తొడగొడితే రైలు వెనక్కి పోతుంది చూడండి, అప్పుడు కలిగే సంతోషానికి మాత్రం పద్యం లేదు. అందుచేత వచనంలో బొంకవలసి వస్తోంది.

ప్రతిపదార్థం: ‘ఏదో’, ‘టీవీలో’, ‘వస్తుంటే’ సుగమాలు, విడిచిపెట్టడమైనది. విచారించవలసింది క్రియలను. చూసినది ‘చూశాను’ అని ఏకవచనం. చూడనిది ‘చూడం’ అని బహువచనం. పాపం ఒంటరిగా చేసి, పుణ్యంలోకి ఎదుటివాణ్ణి కూడా లాగడం ఇందులోని చమత్కారం. ఎదుటివాడు కాదనలేడు. రాత్రి అతడూ అదే చానల్లో అదే చూశాడు.

పాఠాంతరాలు: ‘పిల్లలు పెట్టుకుంటే’, ‘నిద్రపట్టక’, ‘మా బావమరిది టిక్కెట్లు తెచ్చేస్తే’. ‘ఇంటర్వెల్లుకే లేచొచ్చేశానండి’ అనే పాఠం కూడా వినబడుతుంది గానీ అది ప్రక్షిప్తం. అలా అన్నవారే క్లైమాక్సులో విలను ఏ గొలుసుకు వేలాడాడో పూసగుచ్చినట్టు చెప్పగలరు.

శాస్త్రప్రమాణం: ఇక్కడ భరతుణ్ణి తలుచుకోక తప్పదు. (తప్పుతుంది గానీ, భరతుడు చేతికి దొరికాక వదలడం వ్యాఖ్యాతలకు అలవాటు లేదు.) నాట్యశాస్త్రం ప్రకారం నాటకానికి ప్రాణమైన నాలుగు వృత్తులూ పుట్టింది ఒక ఫైటింగులోనే. మధుకైటభులతో విష్ణువు తలపడ్డప్పుడు, ఆయన అడుగుల బరువు భూమ్మీద పడి భారతి, వింటి విసురులో సాత్వతి, జుట్టు ముడి వేసుకున్న ఒయ్యారంలో కైశికి, కలియబడిన పోరులో ఆరభటి పుట్టాయి. కొట్లాట మధ్యలో జుట్టు సవరించుకోవడం ఇప్పటి హీరోల అతి అని విసుక్కునేవారు ఈ ఘట్టం ఒకసారి తిరగేయాలి.

ఆరభటికి అంగాలు నాలుగు. కట్టుడు బొమ్మలతో, పనితనంతో వస్తువులను కల్పించేది సంక్షిప్తకం; సెట్టింగులు, గ్రాఫిక్సు దీని సంతానం. రసాలన్నిటినీ ఒకచోట కుమ్మరించేది వస్తూత్థాపనం. తల్లి ఏడుపు, చెల్లెలి పెళ్లి, హాస్యనటుడి పాట్లు, టైంబాంబు ఒకే రీలులో రావడానికి ఇదే ఆధారం. సంఫేటమంటే కోపంతో కలియబడటం; వివరించనక్కర్లేదు. మిగిలింది అవపాతం. భయంతో పరుగులు, పడటాలు, హడావుడి రాకపోకలు ఇందులోవి. బజారులో జరిగే ఛేజింగు మొత్తం అవపాతమే.

ఈ అవపాతం దగ్గర శాస్త్రం పట్టించుకోని అన్యాయం ఒకటుంది. ప్రతి ఛేజింగులోనూ ఒక కూరగాయల బండి తిరగబడుతుంది. టమాటాలు రోడ్డుపాలవుతాయి. బండివాడికి ఎవరూ పైసా ఇవ్వరు. జిల్లా మొత్తాన్ని ఉద్ధరించే హీరో ఆ మనిషి వైపు తలతిప్పైనా చూడడు. సినిమాలో తర్కం లేదని గోలపెట్టే పెద్దమనుషులు రైలు సంగతి ఎత్తుతారే గానీ, ఈ బండి సంగతి ఎత్తిన పాపాన పోలేదు.

రంగం మీద ఆయుధంతో నిజంగా పొడవరాదని, నరకరాదని, నెత్తురు కార్చరాదని, సైగతో సరిపెట్టాలని కూడా భరతుడు చెప్పాడు. యుద్ధం, మరణం, నగర ముట్టడి అంకంలో కళ్లెదుట చూపక, ప్రవేశకంలో ఎవరిచేతనైనా చెప్పించమన్నాడు. తెలుగు సినిమా ఈ నియమాన్ని తలకిందులుగా పాటిస్తుంది. యుద్ధమంతా కళ్లెదుటే జరుగుతుంది; కథ మాత్రం నౌకరు ఫ్లాష్‌బ్యాకులో చెబితే తెలియాలి.

గురుపరంపర: పండితులకు ఈ ఫైటింగు విద్యతో పొత్తు లేదనడం చరిత్రకు విరుద్ధం. 1966లో నటుడు కృష్ణ ‘గూఢచారి 116’గా తుపాకీ పట్టాడు. 1971లో టోపీ పెట్టి గుర్రమెక్కి ‘మోసగాళ్లకు మోసగాడు’ అయ్యాడు, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. రాజస్థాన్ ఇసుకలో తీసిన ఆ కౌబాయ్ చిత్రానికి రచన ఆరుద్రది. సాక్షాత్తూ ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్రే. కవుల కాలనిర్ణయానికి శాసనాలూ పీఠికలూ శోధించిన చెయ్యే, ఎడారిలో నిధి కోసం కొట్టుకునేవాళ్లకు తెలుగు మాటలు అందించింది. ఏదో అలా రాశానండి అని పేరు దాచుకోలేదు.

ఆ విద్య వచ్చిన దారీ తెలుసుకోదగ్గదే. 1961లో జపానులో కురొసావా ‘యోజింబో’ తీశాడు. అందులో వీరుడిది కత్తి. 1964లో ఇటలీవాడైన సెర్జియో లియోనే ఆ కథకే పిస్తోలిచ్చి, స్పెయిన్ ఎడారిని అమెరికాగా నమ్మించాడు. జపాను కంపెనీ దావా వేసి లాభాల్లో వాటా రాబట్టుకుంది. లియోనే బడిలో తయారైన వేషం తర్వాత ఏడేళ్లకు తెలుగు మాట్లాడింది. టిబెట్టు గ్రంథాల్లో దాగిన బౌద్ధశాస్త్రాల రాకపోకలను తరతరాలుగా శోధిస్తున్నవారికి ఈ టోపీ ప్రయాణం ఎందుకు చిన్నతనమనిపిస్తుందో తెలియదు.

శంక: ఈ సినిమాల్లో సంభావ్యత లేదు కదా?

సమాధానం: పెద్దాపురానికి ఎంతో దూరం కాని చెందుర్తి దగ్గర 1758 డిసెంబరులో నిజంగానే యుద్ధం జరిగింది. క్లైవు బెంగాలు నుంచి పంపిన కల్నల్ ఫోర్డు, విజయనగరం ఆనందగజపతి ఒకవైపు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ మరోవైపు. ఇంగ్లీషువారి సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. అది చూసి, వాళ్లే తెల్లదళమనుకుని ఫ్రెంచివారు మీదికి ఉరికారు. అసలు తెల్లదళం ఏపుగా ఎదిగిన చేను చాటున నిలబడి ఉంది. సిపాయిలు చెదరగానే అది బయటికొచ్చి పని ముగించింది. గెలిచిన ఫోర్డు వెంటనే మచిలీపట్నం మీదికి పోలేకపోయాడు; రాజుగారు ఇస్తానన్న ఖర్చుల డబ్బు చేతికి రాలేదు. కోట్లు చూసి పొరబడటం, చేను చాటు నుంచి సైన్యం ఊడిపడటం, గెలిచాక పేమెంటు పెండింగు! ఇదే కథ తెర మీద వస్తే ‘లాజిక్ లేదండి’ అని మొట్టమొదట అనేది మూలవాక్య కర్తే.

తాత్పర్యం: సిగ్గు తర్కం లేకపోవడం వల్ల కలిగిందే అయితే అన్ని సినిమాలకూ సమానంగా కలగాలి. కలగడం లేదు. ‘బాహుబలి’ రెండో భాగం (2017)లో తాడిచెట్లను వంచి సైనికులను కోటలోకి విసురుతారు. తాడిచెట్టు అలా వంగదని గోదావరి జిల్లాలో పలక పట్టిన పిల్లాడికీ తెలుసు. అయినా అదే పెద్దమనిషి కుటుంబసమేతంగా కాకినాడ వెళ్లి చూసి, వారంరోజులు దాని గురించే చెప్పాడు. ‘ఏదో’ అనలేదు, ‘అలా’ అనలేదు. ఖర్చు కోట్లలో ఉంటే అసంభవం అద్భుతరసమవుతుంది. తక్కువలో తీస్తే తిక్క అవుతుంది.

2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. ఒక హీరో భుజాలమీద ఇంకో హీరో కూర్చుని రెండు చేతులా కాల్చేశాడు. అమెరికా థియేటర్లలో జనం కుర్చీల్లోంచి లేచి కేకలు పెట్టారు, 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. ఆ కేకలు విన్నాక గానీ ఇక్కడి పెద్దమనిషికి ధైర్యం రాలేదు. ఇరవై ఏళ్లు దొంగచాటుగా అనుభవించిన సుఖానికి పరాయివాడి చప్పట్లు రసీదుగా కావలసివచ్చాయి. పండితలోకానికి నవ్వు రావలసింది రైలును చూసి కాదు, ఆ రసీదును చూసి.

పోనీ, ధైర్యం వచ్చాక మేలు జరిగిందా అంటే అదీ లేదు. సినిమాలే పెద్దమనుషులైపోయాయి. మునుపు రెండున్నర గంటల్లో సుమోలు గాల్లోకి లేచి, పాటలు పాడుకుని, శుభం కార్డు పడేది. ఇప్పుడు మూడు గంటలు దాటినా కథ తేలదు. మిగతాది రెండో భాగంలో చూసుకోమంటారు. హీరో గడ్డం నిమురుకుంటూ పొగలోంచి నడిచి వచ్చేసరికి పాప్‌కార్న్ అయిపోతుంది. టిక్కెట్టు పెరిగింది, తిక్క తగ్గింది.

అపవాదం: మూలవాక్యం అందరికీ వర్తించదు. పిల్లలు, ఆటోవాళ్లు, పెద్దాపురం మరిడమ్మ జాతరలో గరగల వెంట రాత్రంతా తిరిగేవాళ్లు దీని పరిధిలోకి రారు. వాళ్లను అడిగితే “రెండుసార్లు చూశానండి, ఆయ్, రైలు సీను కోసమే” అంటారు. ఆ వాక్యంలో వ్యాఖ్య అవసరమైన మాట ఒక్కటీ లేదు కనుక, టీక ఇక్కడికి సమాప్తం.