గుట్టు గారి హోటలు

కోల్‌కతా సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో తెలుగువాళ్ళు నలుగురున్న ప్రతి ఆఫీసులోనూ ఒక గుట్టు గారు ఉంటారు. అసలు పేరు హెచ్.ఆర్. వాళ్ళకి మాత్రమే గుర్తు. కొత్తగా చేరిన కుర్రాడు పాపం, "అన్నా, ఇక్కడ తిండి ఎక్కడ బాగుంటుంది?" అంటాడు. గుట్టు గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తారు.

"బోర్డులున్న హోటళ్ళు టూరిస్టులకి తమ్ముడూ. నాకో చోటు తెలుసు. ఎవడికీ చెప్పకు."

ఆ చోటెక్కడో చెప్పరు, తీసుకెళ్తారు. పదమూడో నెంబరు ట్యాంకు దగ్గర ఆటో దిగాలి, రెండు ట్రాఫిక్ ఐలాండ్లు దాటాలి, ఒకేలా కనిపించే మూడు పార్కుల్లో మూడోదాని పక్కకి తిరగాలి. ఇందులో ఆయన తప్పేమీ లేదు. 1960ల్లో ఉప్పు చిత్తడి నేలని హుగ్లీ ఒండ్రుతో పూడ్చి ఈ ఊరు కట్టారు. ప్లాను గీసిన యుగోస్లావియా ఆర్కిటెక్టు టోష్కోవిచ్ చక్కగా బ్లాకులు కోశాడు. వాటికి పేర్లేమో ఏఏ, ఏబీ, బీడీ, సీకే! జనం నీళ్ళ ట్యాంకుల నెంబర్లు పట్టుకుని దారి చెప్పుకునే ఊళ్ళో ఏ హోటలైనా రహస్యమే.

2020 ఫిబ్రవరిలో సెక్టార్ ఫైవ్‌కి మెట్రో వచ్చింది. 2025 ఆగస్టులో ఆ లైను హౌరా మైదాన్ దాకా కలిసింది. ఊరంతా సంబరపడింది, గుట్టు గారు తప్ప. "ఇక అడ్డమైనవాళ్ళూ వచ్చేస్తారు" అని వారం రోజులు ముభావంగా ఉన్నారు.

తీరా చూస్తే ఆ చోటు ఒక రేకుల కొట్టు. రెండు బెంచీలు, ఒక నీళ్ళ జగ్గు, పళ్ళెం అంచున నిమ్మచెక్క, పచ్చిమిరపకాయ. ఝోల్ అనే పల్చటి పులుసులో రూయీ చేపముక్క, పొడుగ్గా చీరిన బంగాళాదుంప, పైన తేలే నల్లజీలకర్ర. కుర్రాడు ముద్ద మింగకముందే "ఎలా ఉంది?" అంటారు. ఆయన కడుపు నిండేది ఆ జవాబుతోనే. "అసలైన బెంగాలీ రుచంటే ఇదీ!" అని లాప్‌టాప్ బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసి ఝోల్‌లో కలుపుకుంటారు.

బార్ల సంగతి ఇంకా గుట్టు. మెట్లెక్కే ముందే ఫోను సైలెంట్. లోపల అరడజను మంది సహోద్యోగులు కనిపించినా ఎవరూ ఎవర్నీ చూడనట్టే కూర్చుంటారు. ఆఫీసు మొత్తం మీద నిజంగా దాగిన రహస్యం అదొక్కటే.

రేకుల కొట్టుకి వద్దాం. ఎదుటి బెంచీ మీద మా టెస్టింగ్ టీమంతా తెలుగులో తింటోంది. కొట్టు నడిపే మాషీ గరిటెతో వచ్చి, "పప్పు కావాలా బాబూ?" అని శుభ్రమైన తెలుగులో అడిగింది. గుట్టు గారి మొహం మాడిపోయింది. "పాడైపోయింది తమ్ముడూ ఇది. రేపు ఇంకోచోటికి తీసుకెళ్తా."

మీరు సెక్టార్ ఫైవ్‌కి వస్తే ఆయన కోసం వెతక్కండి. మధ్యాహ్నం ఒంటిగంటకి కాలేజ్ మోర్ దగ్గర ఏ కొట్టు ముందు మెడలో ఐడీ కార్డులు ఎక్కువగా వేలాడుతున్నాయో చూసి, అక్కడ నిలబడండి.