జరంతే!

మా నారాయణఖేడ్‌లో నీళ్లు తాగుతారు, చాయ్ తాగుతారు, ఎండాకాలం అంబలి కూడా తాగుతారు. మందు మాత్రం ఎవరూ తాగరు. 'తీసుకుంటారు', 'వేస్తారు', 'కొడతారు'. మరీ పెద్దమనుషులైతే 'తీర్థం పుచ్చుకుంటారు'. ఎంత అని అడిగితే ఊరంతటిదీ ఒకటే జవాబు: "జరంత."

మా మేనమామ "జరంత గొంతు తడుపుకొస్త అల్లుడా" అని పొద్దుగూకంగ బయల్దేరితే, అత్తమ్మ జొన్నరొట్టెల మీద మూతపెట్టి నిశ్చింతగా పడుకుంటుంది. ఆయన కోటర్లే కొంటాడు, ఆఫ్ ముట్టడు. దానికో లెక్కుంది. కోటర్ 180 మిల్లీలీటర్లు, ఆఫ్ 375. రెండు కోటర్లు ఖాళీ చేసినా ఆఫ్‌కు 15 తక్కువే. "ఆఫ్ కొట్టలేదే, నీ మీదొట్టు" అన్నప్పుడు ఆయన అబద్ధమాడినట్టు కాదు. అన్నట్టు, ఆ కోటర్లు దొరికే దుకాణం బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది గానీ, అక్కడ వైను అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. అందుకని ఇక్కడ జరంతను కన్నడం మాట్లాడేవాళ్లు 'స్వల్ప' అంటారు, మరాఠీవాళ్లు 'థోడీ' అంటారు, ఉర్దూవాళ్లు 'జరా సీ' అంటారు. నాలుగు భాషల్లో తక్కువ తాగే ఊరు మాది.

ఇదంతా మన పల్లెటూరి బుకాయింపు అనుకునేరు. ఈ విద్యలో ఇంగ్లీషువాళ్లు మనకు తాతలు. వాళ్లది 'క్విక్ వన్', అంటే ఇట్ల పోయి అట్ల వచ్చేది. స్కాట్లండ్‌వాళ్లది 'వీ డ్రామ్'. ఆ 'వీ' మన జరంతకు సొంత తమ్ముడు. గొంతు తడుపుకోవడం కూడా మా మామ కనిపెట్టిందేం కాదు. 14వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కవి చాసర్ తన కథలో ఒకావిడ 'విజిల్', అంటే గొంతు, బాగా తడిపి పెట్టాడు.

మన దేశానికొచ్చిన దొరలైతే మన 'చోటా'నే అరువు తీసుకుని 'చోటా పెగ్' అన్నారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ పెగ్గు గురించి ఒక ముచ్చట ఉంది: ఒక్కో గ్లాసు శవపేటికకు కొట్టే ఒక్కో మేకు కాబట్టి ఆ పేరొచ్చిందట. పండితులు దీన్ని పెద్దగా పట్టించుకోరు. అత్తమ్మ మాత్రం వినగానే నమ్మేసింది, మామ వైపు చూస్తూ.

వాళ్ల మాటల్లో నాకు గిట్టనిది 'వన్ ఫర్ ద రోడ్' ఒక్కటే. మావాళ్లు కూడా బండెక్కే ముందు "లాస్టుది" అని ఒకటి వేస్తారు. పోలీసాయన ఊదమనే మిషన్‌కు జరంతా తెలియదు, స్వల్పా తెలియదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ.

మామా, పోతే పో. బండి తాళంచెవి మాత్రం అత్తమ్మకిచ్చి పో.