మైకన్న

హైదరాబాద్ పాతబస్తీ లాల్‌దర్వాజాలో ఎవరింట్లో శుభకార్యమైనా ముందుగా మాట్లాడుకునేది వంటాయనతో. ముందుగా దాచిపెట్టేది మైకును. దాచకపోతే అది మైకన్న చేతికి చిక్కుతుంది. ఒకసారి చిక్కాక దాన్ని విడిపించడం పెండ్లి పెద్దల తరం కాదు. కరెంటు పోవాల్సిందే.

మైకన్నకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా దానికి పనిలేదు. గౌలిపురాలో ఒక మైకన్న ఉంటాడు, ఉప్పుగూడలో ఒకడుంటాడు, శాలిబండలో ఇద్దరుండి ఒకరి సభకు ఒకరు పోరు. మనం చెప్పుకునేది లాల్‌దర్వాజా మైకన్న సంగతి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నుదుట కుంకుమ బొట్టు, భుజాన మొన్నటి సన్మానం శాలువా, జేబులో మడతపెట్టిన చీటీ. ఆ చీటీలో ఉపన్యాసం ఉంటుందనుకునేరు. వేదిక మీద కూర్చున్నవాళ్ల పేర్లుంటాయి. ఉపన్యాసానికి చీటీ ఎందుకు? అది ఎప్పుడూ ఒకటే.

వినాయక మండపం, బడి వార్షికోత్సవం, సంతాప సభ, పోలీస్ స్టేషన్‌లో పండుగల ముందు జరిగే శాంతి కమిటీ, అన్నిటా ఆయన ఉంటాడు. శాంతి కమిటీలో ఆయన మాట్లాడాక అందరూ నిజంగానే శాంతిస్తారు, సగం మంది కూర్చున్న చోటనే. కానీ ఆయన అసలు వైభవం చూడాలంటే ఆషాఢంలో చూడాలి. గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ దాటి లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడికి చేరేసరికి, స్వాగత వేదిక మీద మైకన్న గొంతు సవరించుకుంటూ ఉంటాడు.

ముందు మైకును వేలితో మూడుసార్లు కొడతాడు. తర్వాత ఊదుతాడు. తర్వాత "హలో, హలో, వినబడుతుందా?" అంటాడు. వినబడలేదని ఇంతవరకు ఒక్కరూ అనలేదు, అయినా ప్రతిసారి అడుగుతాడు. అంతలో స్పీకర్లు కుయ్యిమంటాయి. స్పీకర్లోంచి వచ్చిన చప్పుడు మళ్లీ మైకులోకి దూరి, మరింత పెద్దదై మళ్లీ స్పీకర్లోకి వస్తే ఆ కూత పుడుతుంది. స్పీకరుకు ఎదురుగా నిలబడకుండా నాలుగడుగులు పక్కకు జరిగితే చాలు, ఆగిపోతుంది. మైకన్న జరగడు. మైకు తలకాయను పిడికిలితో మూసేస్తాడు. అట్లా మూస్తే మైకుకు ముందూ వెనకా తేడా పోయి నాలుగు దిక్కుల చప్పుడూ లాగేసుకుంటుంది. కూత రెట్టింపవుతుంది. సౌండ్ సెట్టు తమ్ముడు దండం పెడతాడు. మైకన్న తిరిగి దండం పెట్టి మొదలుపెడతాడు.

"అందరికి శనార్థులు. నేను ఎక్కువ మాట్లాడ. రెండే రెండు ముక్కలు."

ఎదురుగా ఆడవాళ్లు బోనాలెత్తుకుని వరసలో నిలబడి ఉంటారు. నెత్తిన కుండ, కుండ చుట్టూ వేపాకు, లోపల బెల్లంబువ్వ, పైన వెలిగే దీపం. వేదిక ముందునుంచి వరస కదలాలంటే రెండు ముక్కలు అయిపోవాలి. మొదటి ముక్క వేదిక మీది పెద్దల పేర్లు. రెండో ముక్క వేదిక కింద ఉన్న పెద్దల పేర్లు. మరిచిపోయినవాళ్లు అలిగి చీటీలు పంపితే వాళ్ల పేర్లు. దీపాల్లో నూనె తగ్గుతూ ఉంటుంది. "చివరగా" అంటాడు. జనం ఊపిరి పీల్చుకుంటారు. "ముగించే ముందు" అంటాడు. "చిట్టచివరగా ఒక్కమాట" అంటాడు. చిట్టచివర తర్వాత ఏముంటుందో తెలుగు భాషకు తెలియదు గానీ మైకన్నకు తెలుసు. అక్కడ 1908 ఉంటుంది.

ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. సుమారు 15 వేల మంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. అప్పుడు ప్రధాని మహారాజా కిషన్ ప్రసాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బంగారు చేటలో ముత్యాలు, పసుపు కుంకుమ పెట్టి ఈ గుడి అమ్మవారికి సమర్పించాడని, వరద తీసిందని పాతబస్తీలో తాతల నాటి నుంచి చెప్పుకుంటారు. మతం అడ్డురాకుండా ఒక రాజు అమ్మవారికి మొక్కిన కథ. మూడు నిమిషాల్లో చెబితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మైకన్న మూసీ పుట్టిన అనంతగిరి కొండల దగ్గర ఎత్తుకుంటాడు. చాదర్‌ఘాట్ దాకా వచ్చేసరికి పిల్లలకు నిద్రొస్తుంది. పైగా నీళ్లు ఏటేటా ఒక అడుగు పెరుగుతాయి. మళ్లీ అట్లాంటి వరద రాకూడదని విశ్వేశ్వరయ్య సలహాతో పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మూసీకి దొరికిన ఇంజినీరు మైకన్నకు దొరకలేదు.

దొరికినట్టే దొరికి తప్పిపోయాడని కూడా అనాలి. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడు మామను బాగుచేద్దామని టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకు తీసుకుపోయాడు. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన నలుగురిలో మాట్లాడటం నేర్పడానికి పెట్టిన సంఘం అది. అక్కడ మామూలు ప్రసంగానికి ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఐదో నిమిషానికి ఆకుపచ్చ దీపం, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు చూపిస్తారు. మైకన్న ఆకుపచ్చను వేపాకనుకున్నాడు, పసుపును పసుపే అనుకున్నాడు, ఎరుపును కుంకుమనుకున్నాడు. అమ్మవారి సన్నిధిలాగే ఉందని మరింత భక్తితో మాట్లాడాడు. అక్కడే ఇంకొకరు కూర్చుని, మాటల మధ్య దొర్లే "ఆ", "ఊ"లను లెక్కపెడతారు. మైకన్నకు "ఆ", "ఊ"లు లేవు. "ఈ బోనాల పండుగ ఏదైతే ఉందో", "ఈ సందర్భం ఏదైతే ఉందో", "నేను మనవి చేసుకునేది ఏదైతే ఉందో" మాత్రం ఉన్నాయి. లెక్కపెట్టే అమ్మాయి కాసేపటికి పెన్ను కింద పెట్టేసింది.

అక్కడినుంచి ఆయన ఒక కథ మాత్రం పట్టుకొచ్చాడు. 1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానానికి ప్రారంభోత్సవం. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే మహావక్త రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత లింకన్ లేచి రెండు నిమిషాల్లో ముగించాడు. లోకానికి గుర్తున్నది రెండు నిమిషాలే. మీరు చెప్పిన సారానికి నా రెండు గంటలు దగ్గరగా వచ్చినా సంతోషించేవాణ్ణని మర్నాడు ఎవరెట్టే లింకన్‌కు రాశాడు. ముక్తసరిగా మాట్లాడటం ఎంత గొప్పదో చెప్పడానికి మైకన్న ఈ కథను అరగంట చెబుతాడు. ఆ ఉత్తరం ఊసెత్తడు. ఎవరెట్‌కు రెండు గంటలిచ్చిన నిర్వాహకుల పెద్దమనసును మాత్రం మెచ్చుకుంటాడు.

మామను బాగుచేయబోయిన మేనల్లుడేమైనా తక్కువవాడా అంటే, కాదు. ఆఫీసులో ప్రజెంటేషన్ ఉందని ఒకనాడు ఇంట్లోనే గోడ మీద స్లైడ్లు వేసి సాధన చేశాడు. ఒక్కో స్లైడు నిండా చీమలబారులా అక్షరాలు. వాటిని ఒక్కటీ వదలకుండా, మనుషులకు వీపు పెట్టి చదువుతున్నాడు. మైకన్న కాసేపు చూసి, "ఏందిరా అల్లుడా, గోడకు జెప్తున్నవ్? మేం ఈడ గూసున్నం" అన్నాడు. ప్రజెంటేషన్ మీద వెల కట్టి అమ్మే పాఠాలన్నీ కలిపినా అంతకన్నా ఎక్కువేం చెప్పవు. మైకన్నలో ఎన్ని లోపాలున్నా జనం కండ్లలోకి చూస్తాడు. ఎవరు వెళ్లిపోతున్నారో కూడా చూసి, పేరు పెట్టి పిలిచి కూర్చోబెడతాడు.

చట్టమూ ఆయనకు నోటికి వచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగలకు ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఆ పదిహేను రోజులూ తనకోసమే పెట్టారని మైకన్న నమ్మకం. మిగతా రోజుల్లో పది కొట్టగానే ఎస్సై వచ్చి వేదిక కింద నిలబడతాడు. మైకన్న ఆయన్నీ వేదిక మీదికి ఆహ్వానించి శాలువా కప్పుతాడు. ఆ ఎస్సై సేవల మీద ఇంకో రెండు ముక్కలు.

ఇంత చేసినా బస్తీ ఆయన్ని ఎందుకు భరిస్తుందో తెలియాలంటే బోనాల ఆదివారం సాయంత్రం దాకా ఆగాలి. ఇసకేస్తే రాలనంత జనం. పోతరాజులు కొరడాలు ఝళిపిస్తుంటారు, ఫలహారం బండ్లు కదులుతుంటాయి, తీన్మార్ దరువుకు నేల అదురుతుంటుంది. అట్లాంటప్పుడు ఎవరో ఒక పిల్లను ఎత్తుకొచ్చి వేదిక మీద కూర్చోబెడతారు. ఆ క్షణం మైకన్న మారిపోతాడు. మైకును కొట్టడు, ఊదడు. డప్పులవాళ్లకు చెయ్యి చూపిస్తాడు, వాళ్లు ఆపుతారు.

"మూడేండ్ల పాప. పచ్చ గౌను. చేతిల పీపీ ఉంది. పేరు జెప్తలేదు. అమ్మానాయిన యాడున్నా స్టేజీ కాడికి రాండ్రి. పాప ఏడుస్తలేదు, మీరు ఏడ్వకుండ్రి."

ఊపిరి తీసుకుని పాతబస్తీ ఉర్దూలో మళ్లీ ఒకసారి: "బచ్చీ హమారే పాస్ హై. ఫికర్ నక్కో కరో."

అంతే. వేదికనలంకరించినవాళ్లు లేరు, ఏదైతే ఉందో లేదు, 1908 లేదు. ఎవరు, ఎట్లా ఉన్నారు, ఎక్కడికి రావాలి, భయపడాలా వద్దా. అర నిమిషంలో అయిపోయింది. శాలిబండ వైపు నుంచి ఒక తల్లి పరుగెత్తుకొస్తుంది. ఇన్ని వేల మందిలో ఆ మాటలు ఎవరికోసమో మైకన్నకు తెలుసు. మిగతా ప్రసంగాలు ఎవరికోసమో ఆయనకే తెలియదు, అందుకే అవి అందర్నీ వెతుక్కుంటూ అంత దూరం పోతాయి.

మర్నాడు రంగం. అమ్మవారు పూనిన స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. వానలెట్లా పడతాయి, పంటలెట్లా ఉంటాయి, జబ్బులు వస్తాయా, పూజల్లో లోపమేమైనా జరిగిందా. అడిగినవాటికే జవాబు. చెప్పే మనిషి ఊగుతుంటుంది, వినే జనం కదలరు. సన్మానాలు లేవు, చివరగా లేదు, చెప్పేది అయిపోగానే దిగిపోవడమే. కాల్చని మట్టి కుండ ఎవరినైనా ఎంతసేపని మోస్తుంది?

రంగం అయ్యాక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే సౌండ్ సెట్టు తమ్ముడు ధైర్యం చేశాడు.

"అన్నా, వచ్చే ఏడు స్టేజీ మీద మాట్లాడేటోళ్లందర్ని పచ్చికుండ మీద నిలబెడ్దామని కమిటీల అనుకుంటున్నరే. కుండ పగిలితే ఉపన్యాసం బంద్."

మైకన్న సాసరులో చాయ్ చల్లార్చుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"మంచి ముచ్చటే తమ్మీ," అన్నాడు. "గని కుమ్మరాయనకు ఇప్పుడే జెప్పుండ్రి. నాకొక్కనికే ఓ డజను వడ్తయ్."